పిడుదుల జ్వరములో బిళ్ళలు: సూది వేసిన తరువాత ఏమి చూడవలెను?

సంకరజాతి పాడిపశువులకు పిడుదుల వలన వచ్చు జబ్బులలో థైలేరియాసిస్ మిక్కిలి ప్రమాదకరమైనది. వేసవి ముదిరినది మొదలు వానలు వెనుకబట్టు వరకు ఇది ఎక్కువగా కనిపించును. దూడనాటి నుండి మూడేండ్లు మేపి, చూడి కట్టించి, ఈని పాలకు వచ్చిన జెర్సీ ఆవు రెండు వారములలో చేజారిపోయినచో ఆ యింటికి కలుగు నష్టమెంతో చిత్తూరు వైపు రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ జబ్బుకు మంచి మందు లేకపోలేదు. బుపార్వాక్వోన్ అను సూదిమందును జ్వరము వచ్చిన తొలి దినములలో తగిన మోతాదున వేసినచో ఎక్కువ పశువులు కోలుకొనును. అయినను సూది పడిన తరువాత కూడ కొన్ని ఆవులు దక్కుట లేదు. మందు ఆలస్యమైనందున పోవునవి కొన్ని. మందు పనిచేయుచుండగనే, అది పనిచేయుట లేదని యజమాని తొందరపడినందున పోవునవి మరికొన్ని.

తొందరకు కారణము జబ్బ ముందర కట్టిన బిళ్ళ. సూది వేసి రెండు దినములైనది, బిళ్ళ అట్లే ఉన్నది, కావున మందు పట్టలేదు అని రైతు అనుకొనును. ఊరిలో ఎవరో వాతలు పెట్టుమందురు, ఇంకొకరు జీడి రసము పూయుమందురు. వేరొక మందు తెచ్చి మోతాదు తెలియకుండ వేయువారును, ఇక ఇది బ్రతుకదని వచ్చిన ధరకు తెగనమ్మువారును కలరు. జ్వరముతో రక్తము క్షీణించిన ఆవుకు వాతలు పెట్టుట కంటె అన్యాయము మరొకటి లేదు. ఆ పుండ్ల మీద ఈగ వ్రాలి పురుగు పట్టుటయే గాని వాపు ఒక వీసమైనను తగ్గదు.

కనుక ఈ బిళ్ళ ఏమిటి, ఎందుకు కట్టును, మందు పడిన తరువాత ఎట్లు తగ్గును అను సంగతిని కొంచెము వివరముగ తెలిసికొనుట అవసరము.

బిళ్ళ ఎందుకు కట్టును?

కాలిలో ముల్లు విరిగి చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట మీరెరుగుదురు. పుండు పాదమున, వాపు గజ్జలో. దేహమంతట రసనాళములు అను సన్నని కాలువలు వ్యాపించియున్నవి. వాటి దారిలో అక్కడక్కడ రసగ్రంథులు కలవు. ఊరిలోనికి వచ్చు దారి మీద కావలి గుడిసె వంటివి ఇవి. కాలువలో కొట్టుకొని వచ్చిన సూక్ష్మజీవులను ఇచ్చట తెల్లకణములు అడ్డగించి పోరాడును. ఆ పోరాటములో గ్రంథి ఉబ్బును. ముల్లు తీసి పుండు మానిన తరువాత కూడ గజ్జ బిళ్ళ కొన్నాళ్ళు చేతికి తగులుచునే యుండును గదా! దానిని చూచి పుండు మానలేదని ఎవరును అనరు.

థైలేరియాసిస్‌లో జరుగునది దీనికంటె కొంత చిక్కైనది. ఈ జబ్బును కలిగించునది థైలేరియా ఆన్యులేటా అను ఏకకణ జీవి. కాకేసస్ ప్రాంతపు పశువులలో దీనిని 1904లో మొదట వర్ణించిరి. దక్షిణాఫ్రికాలో పనిచేసిన పశువైద్య శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ థైలర్ పేర ఈ జాతికి ఆ పేరు వచ్చినది. పిడుదు కరచినప్పుడు దాని లాలాజలముతో ఇది ఆవు శరీరములో ప్రవేశించి, కాపలా కాయవలసిన తెల్లకణములలోనే దూరి కాపురముండును. అంతటితో పోదు. తాను దూరిన కణమును అదుపు లేకుండ విభజన చెందునట్లు చేయును. కణము రెండైనప్పుడు లోని జీవియు రెండుగ చీలి, చెరియొక కణములోను చేరును. రాచపుండులో కణములు పెరుగు తీరు కూడ ఇటువంటిదే. కావలి గుడిసెను దొంగలే ఆక్రమించి తమ సంతతిని పెంచుకొనుట యన్నమాట. అందువలననే ఈ జబ్బులో బిళ్ళ నిమ్మకాయంత, కోడిగ్రుడ్డంత, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పెరుగును. పిడుదు కరచిన చోటికి దగ్గరగ నున్న గ్రంథి ముందు వాచును, తరువాత మిగిలినవి వాచును.

రాచపుండుకును దీనికిని ఒక పెద్ద భేదము కలదు. లోని జీవిని మందు చంపినచో ఆ కణము విభజన మానుకొని, క్రమముగ తానును నశించును. కాని నశించిన కోట్లాది కణములు ఒక్క రాత్రిలో మాయము కావు. దేహము వాటిని కొద్దికొద్దిగ ఎత్తివేయవలెను. ఇల్లు కూలిన తరువాత మట్టి, పెంకులు బండ్ల మీద తోలుటకు దినములు పట్టును గదా, అట్లే ఇదియు. కాబట్టి జ్వరము ముందు దిగును, బిళ్ళ వెనుక తగ్గును. సాధారణముగ సూది పడిన ఒకటి మొదలు మూడు దినములలో జ్వరము దిగును. బిళ్ళ మెత్తబడుటకు మరికొన్ని దినములు, పూర్తిగ అణగుటకు వారము పైబడి, కొన్ని పశువులలో రెండు మూడు వారములు కూడ పట్టును.

చేతితో చూచు పద్ధతి

ఆవు మెడ భుజముతో కలియు చోట, జబ్బ కీలుకు ముందర కొంచెము పైగ, అరచేతిని చదునుగ ఆనించి వ్రేళ్ళతో లోనికి నొక్కి ముందుకు వెనుకకు జరుపవలెను. ఆరోగ్యమైన ఆవులో నిడుపాటి చిన్న గ్రంథి వ్రేళ్ళ క్రింద జారును. కొన్నిటిలో తెలియనే తెలియదు. చెవి క్రింద దవడ వెనుక ఒకటి, తొడకు ముందర డొక్క మడతలో ఒకటి ఇట్లే తగులును. రెండు ప్రక్కలు పోల్చి చూడవలెను. ఆరోగ్యముగ నున్నప్పుడే మీ ఆవుల నన్నిటిని ఒకసారి తడిమి చేతికి అలవాటు చేసికొన్నచో, జబ్బు వచ్చిననాడు భేదము సులభముగ తెలియును. పాలు పితుకువారికి ఇది పెద్ద పని కాదు.

వాపులన్నియు ఒకటి కాదు. థైలేరియా బిళ్ళకు అంచులుండును, చర్మము క్రింద గట్టిగ ముద్దవలె తగులును. గొంతువాపు వ్యాధిలో గొంతు క్రింద, దవడల నడుమ వేడిగ నొప్పిగ నీరుపట్టినట్లు పరచుకొనిన వాపు వచ్చి, పశువు గురక పెట్టుచు ఒకటి రెండు దినములలోనే చనిపోవచ్చును. ఇది గేదెలలో ఎక్కువ. జబ్బవాపు వ్యాధిలో భుజము, తొడ వంటి కండ గల చోట్ల వాచి, నొక్కినచో చిటచిట శబ్దమగును, పశువు కుంటును. చర్మమంతట గుండ్రని బొడిపెలు లేచి, వాటితో బాటు బిళ్ళలు కూడ వాచినచో, 2019లో మన దేశములో తొలిసారి బయటపడిన ముద్దచర్మ వ్యాధిని అనుమానింపవలెను. మొదటి రెండింటిలో గంటలు కూడ విలువైనవి గనుక, వాపు ఏదో తేల్చుకొనుటకు ఇంటి వద్ద కాలయాపన చేయరాదు.

థైలేరియాసిస్‌లో జ్వరము 104 మొదలు 107 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు పోవును. ఆవుకు మామూలు వేడి 101, 102 డిగ్రీల నడుమ నుండును. మేత, నెమరు తగ్గును, పాలు పడిపోవును, కండ్లు నీరు కారును, దగ్గు, ఆయాసము రావచ్చును. కంటి క్రిందిరెప్ప లోపలి పొర మొదట ఎర్రబారి, తరువాత తెల్లబడి, ఒక్కొక్కప్పుడు పసుపు పచ్చనగును. ముదిరినచో పేడలో రక్తము పడును. చూడి ఆవులు ఈసుకొనిపోవచ్చును. దూడలలో కనుగ్రుడ్లు ముందుకు ఉబ్బుట కూడ కలదు. మూత్రము కాఫీ రంగులో పడుట దీనికంటె బెబీసియోసిస్ అను మరియొక పిడుదుల జబ్బులో ఎక్కువ. దాని మందు వేరు. అందుచేతనే రక్తపు పూత, బిళ్ళ నుండి సూదితో తీసిన రసపు పూత గాజు పలక మీద వేసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచుట మంచిది. సూది వేయక ముందే ఈ పూత తీయించవలెను.

మోతాదు సంగతి

బుపార్వాక్వోన్ మోతాదు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. మనకు దొరకు మందు మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల పాటిది గనుక, 20 కిలోలకు ఒక మిల్లీలీటరు చొప్పున పడును. డాక్టరుగారు దీనిని మెడ కండలో లోతుగ వేయుదురు. ఒకేచోట 10 మిల్లీలీటర్లకు మించి వేయరు.

చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఆవు బరువును కంటి అంచనాతో చెప్పుటలో. మందు ఖరీదైనది గనుక, అంచనా ఎప్పుడును తక్కువ వైపే మొగ్గును! ఒక టేపు ఉన్నచో బరువు సుమారుగ తెలియును. ముందు కాళ్ళ వెనుక ఛాతి చుట్టుకొలతను అంగుళములలో తీసికొని, దానిని దానితోనే హెచ్చించవలెను. వచ్చినదానిని జబ్బ ముందరి ఎముక మొదలు పిరుదు చివరి ఎముక వరకు గల పొడవుతో హెచ్చించి, 660 చేత భాగించినచో కిలోలు వచ్చును. ఛాతి 62 అంగుళములు, పొడవు 54 అంగుళములు గల ఆవు సుమారు 314 కిలోలుండును. దానికి 16 మిల్లీలీటర్ల మందు కావలెను. దానినే 250 కిలోలని తలచినచో 12న్నర మిల్లీలీటర్లతో సరిపెట్టుదుము. చాలని మోతాదు జబ్బును కుదుర్చదు. సరిగదా, మందుకు లొంగని క్రిములు మిగులుటకు తోడ్పడును. ట్యునీషియా, ఇరాన్ దేశములలో ఈ మందుకు లొంగని థైలేరియా ఇదివరకే బయటపడినది.

సూది వేసిన చోట కూడ కొన్ని పశువులలో వాపు, నొప్పి వచ్చును. బిళ్ళ ఉన్న ప్రక్కనే మెడకు సూది వేసినచో, ఏది సూది వాపో ఏది బిళ్ళయో తెలియక రైతు కంగారుపడును. వీలున్నచో రెండవ ప్రక్క వేయుమని అడుగవచ్చును. ఈ మందు పడిన పశువు పాలు, మాంసము ఎన్ని దినములు వాడరాదో సీసా మీద ముద్రించియుండును. పాల కేంద్రమునకు పోయవలసిన వారు ఈ సంగతిని ముందే అడిగి తెలిసికొనవలెను.

సూది పడిన తరువాత ప్రతి దినము చూడవలసినవి

ఉదయము, సాయంత్రము ఒకే వేళకు థర్మామీటరును మలద్వారములో రెండు నిమిషములుంచి వేడి చూచి, గోడ క్యాలెండరు మీద వ్రాయవలెను. ఎన్ని పాలు ఇచ్చినది, నెమరు వేసినదా లేదా అను వివరములు ప్రక్కన ఒక ముక్క వ్రాసిన చాలును. మూడవనాటికి జ్వరము దిగి, ఆవు మేతకు మూతి పెట్టి నెమరు వేయుచున్నచో, బిళ్ళ నిమ్మకాయంత ఉన్నను మందు పనిచేయుచున్నదని నమ్మవలెను. మూడవనాటికిని 104 డిగ్రీలకు దిగనిచో డాక్టరుగారికి తిరిగి చూపవలెను. 48 లేక 72 గంటల తరువాత రెండవసారి సూది వేయవలసిన పశువులును కలవు. అది ఆయన నిర్ణయింపవలసినదే గాని బిళ్ళను చూచి మనము నిర్ణయించునది కాదు.

ఇందులో రెండవ ప్రమాదము ఒకటి దాగియున్నది. జ్వరము దిగినది గదా యని నిశ్చింతగ నుండు రైతు రక్తము సంగతి మరచును. ఈ జీవి తెల్లకణముల నుండి వెలువడి ఎర్రకణములలో చేరును. అట్టి ఎర్రకణములను దేహము ఏరి పారవేయును. ఈ పని జ్వరము దిగిన తరువాత కూడ కొన్నాళ్ళు సాగవచ్చును. కాబట్టి బిళ్ళను పదిసార్లు తడుముటకు బదులు, ప్రతి ఉదయము కంటి క్రిందిరెప్పను క్రిందికి లాగి లోపలి పొర రంగు చూడవలెను. గులాబి రంగు దినదినము తిరిగి వచ్చుచున్నచో మేలు. కాగితమువలె తెల్లబడుచున్నచో, నాలుగడుగులు నడచినంతనే ఆవు రొప్పుచున్నచో ఆలస్యము చేయరాదు. ఆరోగ్యమైన పశువు నుండి రక్తము తీసి ఎక్కించి బ్రతికించుట నేడు పశువైద్యులు చేయుచున్న పనియే. ఇనుము, బి విటమినులు గల టానిక్కులు మెల్లగ పనిచేయును. అవి రక్తము ఎక్కించుటకు బదులు కావు. ముక్కున నురుగు వచ్చుట, పేడలో రక్తము, లేవలేకపోవుట కూడ వెంటనే కబురు చేయవలసిన చిహ్నములు.

ఇట్టి ఆవును ఎండలో ఆసుపత్రికి తోలుకొని పోవుట మంచిది కాదు. రక్తము తగ్గిన పశువు దారిలోనే కూలవచ్చును. 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును రప్పించుకొనవలెను, లేదా గ్రామములోని పశుసంవర్ధక సహాయకునికి తెలుపవలెను. ఒకే వీధిలో రెండు మూడు ఆవులకు జ్వరము, బిళ్ళలు కనబడినప్పుడు ఆ సంగతిని పశువైద్యశాలకు తెలియజేయుట గ్రామాధికారుల పని కూడ. నీడ, చల్లని నీరు, పచ్చిమేత, కుడితి — కోలుకొను ఆవుకు కావలసినవి ఇవి.

బిళ్ళ విషయములో నిజముగ అనుమానింపవలసిన సందర్భములు లేకపోలేదు. జ్వరము దిగిన తరువాత బిళ్ళ తగ్గుటకు బదులు కొత్తగ పెరుగుచున్నను, వేడెక్కి మెత్తబడి చీముపట్టినట్లున్నను, నెల గడచినను ఏ మాత్రము మార్పు లేకున్నను మరల చూపవలెను. క్షయ మొదలగు ఇతర జబ్బులలో కూడ గ్రంథులు వాచియుండును.

మనుష్యుల సంగతి

ఈ థైలేరియా మనుష్యులకు అంటదు. అయితే పిడుదు కాటు, బిళ్ళ, మందు పడిన తరువాతి కంగారు మనుష్యులకును లేకపోలేదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో లైమ్ అను ఊరి పేర వ్యవహరింపబడు పిడుదుల జబ్బు కలదు. 1975లో ఆ ప్రాంతపు పిల్లలలో కీళ్ళవాపులు ఎక్కువగ కనబడుటతో పరిశోధన మొదలై, 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుడు పిడుదులలో దాని సూక్ష్మజీవిని కనుగొనెను. డాక్సీసైక్లిన్ వంటి మందు మొదలుపెట్టిన తొలి దినమున కొందరికి జ్వరము, నొప్పులు హెచ్చి, తరువాత దిగును. బిళ్ళలు అంతకంటె నిదానముగ తగ్గును. మందు వికటించినదని మధ్యలో మానుట అక్కడ కూడ జరుగు పొరపాటే. అక్కడ చదువులకు, ఉద్యోగములకు పోయిన మన పిల్లలకు ఈ సంగతి తెలిసియుండుట మంచిది. మన పొలములలో ఇందుకు దగ్గరి జబ్బు స్క్రబ్ టైఫస్. పొదలలోని నల్లివంటి సన్నని పురుగు కరచుట వలన వచ్చును. జ్వరముతో బాటు చంకలోనో గజ్జలోనో బిళ్ళ కట్టి, దగ్గరలో కాల్చినట్టి నల్లని పెచ్చు ఉన్నచో డాక్టరుకు ఆ పెచ్చును తప్పక చూపవలెను.

పిడుదులు, టీకా

పిడుదు తల్లి నుండి గ్రుడ్లకు థైలేరియా సంక్రమించదు. హయలోమా జాతి పిడుదు పిల్లదశలో జబ్బుపడిన లేక కోలుకొనిన పశువును కరచి క్రిమిని ఎక్కించుకొనును, కొట్టపు గోడ పగుళ్ళలో దూరి కుబుసము విడుచును, తరువాతి దశలో ఇంకొక పశువుకు అంటించును. కాబట్టి మందును పశువు మీద మాత్రమే చల్లి గోడలను విడుచుట సగము పనియే. పగుళ్ళు పూడ్చి, సున్నము వేసి, అమిట్రాజ్, డెల్టామెత్రిన్ వంటి మందును సీసా మీద వ్రాసిన పాళ్ళలో గోడలకు, గాడి మూలలకు కూడ కొట్టవలెను. పిడుదు అంటుకొనిన తరువాత దాని లాలాజల గ్రంథులలో క్రిమి పక్వమగుటకు రెండు మూడు దినములు పట్టును. చెవులు, పొదుగు, తోక మొదలు దినము విడిచి దినము వెదకి తీసివేయువారికి ఇది గొప్ప వెసులుబాటు. తీసిన పిడుదులను గోళ్ళతో నలుపరాదు. 2011లో గుజరాత్‌లో మనుష్యులకు ప్రాణాంతకమైన క్రిమియన్ కాంగో జ్వరము బయటపడినది. దానిని వ్యాపింపజేయునది కూడ హయలోమా పిడుదులే. చేతికి తొడుగు వేసికొని, పట్టకారుతో లాగి కిరోసినులో వేయవలెను.

కోలుకొనిన ఆవు చాలకాలము తన రక్తములో కొద్దిపాటి క్రిమిని మోయుచుండును. ఒంగోలు వంటి దేశవాళీ పశువులు జబ్బుపడకుండనే మోయగలవు. కొత్తగ సంకరజాతి ఆవును కొని తెచ్చి అదే కొట్టములో కట్టదలచినవారు ముందుగ పిడుదుల పని పట్టవలెను. ఈ జబ్బుకు టీకా కూడ కలదు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ రక్షావ్యాక్-టి అను పేర దీనిని తయారుచేసినది. బలహీనపరచిన సజీవ క్రిమి గల టీకా గనుక దీనిని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి యుంచవలెను. మామూలు ఐసు పెట్టెలో నిలువదు. రెండు నెలలు దాటిన సంకరజాతి దూడలకు 3 మిల్లీలీటర్లు చర్మము క్రింద వేయుదురు. ద్రవ నత్రజని జాడీ గల కేంద్రమునకే ఇది రాగలదు గనుక, ఊరిలోని దూడలను ఒకే దినమున ఒకచోట చేర్చునట్లు ముందుగ పశువైద్యశాలతో మాట్లాడుకొనవలెను.